వాగ్దానం కార్డులో నీటి బుగ్గల వాక్యం వచ్చింది, నాలుగో బోరు వేయాలా?

బత్తాయితోట (కనగల్ దగ్గర, నల్గొండ)
#1
అందరికీ ప్రభువు పేరిట వందనాలు. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

మాకు మూడెకరాల బత్తాయి తోట ఉంది. నాన్న పెట్టిన చెట్లు, 14 ఏళ్లవి. ఇప్పటికి మూడు బోర్లు వేశాం. మొదటిది 320 అడుగులు, ఎండిపోయింది. రెండోది 540, ఇంచు నీళ్లు పోస్తుంది, అది కూడా ఆగి ఆగి. మూడోది 700 దాకా దింపాం, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మోటర్లు, పైపులు అన్నీ కలిపి నాలుగు లక్షలు దాటింది. అందులో లక్షన్నర ఇంకా అప్పే, నూటికి రెండు రూపాయల మిత్తి.

ఇప్పుడు పిందె శనగ గింజంత ఉంది. తెల్లారి పోయి చూస్తే రాత్రి రాలినవి చెట్ల కింద పచ్చ పూసల్లా పరుచుకుని ఉంటున్నాయి. మధ్యాహ్నానికి ఆకు దొన్నెలాగా ముడుచుకుంటోంది.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక అందరం బుట్టలోంచి వాగ్దానం కార్డులు తీశాం, కొత్త ఏడాదికి ఒక్కొక్కరికి ఒక బైబిలు వాక్యం. నాకు వచ్చింది యెషయా 41:18. "ఎండిన నేలను నీటి బుగ్గలుగాను చేసెదను." నిజంగా చేతులు వణికాయి. అప్పటి నుంచి ఆ కార్డు చొక్కా జేబులోనే ఉంది. ఒకసారి ఉతుకులో కూడా పోయి వచ్చింది.

మా ఆవిడ వద్దంటోంది. మా పాస్టరు అయ్యగారు "ప్రార్థన చేసుకోండి, దేవుడే బయలుపరుస్తాడు" అన్నారు. రెండు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను, ఏమీ తెలియలేదు. బోరు లారీ ఆయన వచ్చే వారం మా ఊరి వైపే వస్తాడట, అడ్వాన్సు ఇమ్మంటున్నాడు. ఇంకో సంగతి. మా పక్క ఊళ్లో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూపించే మనిషి ఉన్నాడు. విశ్వాసులం పిలవొచ్చా? దేవుని చిత్తం ఎట్లా తెలుసుకోవాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అగ్నిస్తంభం (మిర్యాలగూడ)
#2
ప్రైజ్ ది లార్డ్ బ్రదర్! దేవుడు ఇంకెంత స్పష్టంగా చెప్పాలి? నీళ్ల కోసం ఏడుస్తున్న రైతుకు నీటి బుగ్గల వాక్యం వచ్చింది. పేతురు పడవ దిగాకే కదా నీళ్ల మీద నడిచింది. ఇంకా అనుమానం ఉంటే గిద్యోనులాగా గుర్తు అడగండి. మా మామ లారీ కొనేముందు రెండు చీటీలు రాసి బైబిల్లో పెట్టి, ప్రార్థన చేసి ఒకటి తీశాడు. ఇప్పుడు మూడు లారీలు. కొబ్బరికాయ జోలికి మాత్రం పోవద్దు. అది సోదె లాంటిది, ద్వితీయోపదేశకాండము 18 చూడండి.

రాళ్లమనిషి (నాగర్‌కర్నూల్)
#3
బైబిల్లో చీటీ పెడితే దేవుడు, అరచేతిలో కాయ పెడితే సోదె. తేడా ఏందో చెప్పు తమ్మీ.

(పనిలో ఉన్నా, రాత్రికి వివరంగా రాస్తా. అప్పటిదాకా లారీకి అడ్వాన్సు ఇవ్వకు అన్నా.)

జడ్చర్ల అక్క
#4
తమ్ముడూ, వాక్యాల సంగతి పెద్దవాళ్లు చెప్తారు, నేను మామూలు ప్రశ్నలు అడుగుతాను. నాలుగో బోరుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కొత్త అప్పా, బంగారమా? బంగారం అయితే ఎవరిది? పిల్లల ఫీజు కట్టారా? మీ ఆవిడ వద్దంటోంది అని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. ఎందుకు వద్దంటోందో రాయలేదు. అసలు అడిగావా?

పాత బెంచీ (మహబూబ్‌నగర్, రిటైర్డ్ టీచర్)
#5
వందనాలు. మా ఇంట్లో మూడు తరాలుగా మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం. ప్రతి ఏడూ నేనూ కార్డు తీస్తాను, అందుకని వెక్కిరించడానికి రాయడం లేదు.

ముందు గిద్యోను సంగతి. న్యాయాధిపతులు 6వ అధ్యాయం ఒకసారి మొదటి నుంచి చదవండి. రాత్రి ఉన్ని పరిచి, తెల్లారేసరికి అది మాత్రమే మంచుకు తడవాలి అని గుర్తు అడగకముందే దేవుడు ఆయనకు పని చెప్పేశాడు, వెళ్లు, నేను తోడుంటాను అని. ఏం చేయాలో తెలియక ఉన్ని పరచలేదు, తెలిసీ ధైర్యం చాలక పరిచాడు. రెండోసారి అడిగేటప్పుడు, నా మీద కోపపడకు అని తానే బతిమాలుకున్నాడు. అది ఆయన బలహీనతను దేవుడు ఓర్చుకున్న కథ. మనం దాన్ని పద్ధతిగా మార్చుకున్నాం.

చీట్ల సంగతి. యేసును అప్పగించిన యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడానికి చీట్లు వేశారు, అది అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయం. 2వ అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగివచ్చాడు. ఆ తర్వాత కొత్త నిబంధనలో సంఘం ఎక్కడా చీట్లు వేసి నిర్ణయించలేదు. అలాగని చరిత్రలో భక్తిపరులు వేయలేదని కాదు. జర్మనీలో హెర్న్‌హట్ అనే ఊళ్లోని మొరేవియన్ సహోదరులు అనే క్రైస్తవ సంఘంవాళ్లు పెళ్లిళ్లు కూడా చీటీ తీసి ఖాయం చేసేవారు. చివరికి వాళ్లే ఆ పద్ధతిని వదులుకున్నారు. రోజుకో వాక్యం ఇచ్చుకునే అలవాటు కూడా వాళ్లదే, 1728లో మొదలైంది. 1731 నుంచి ఏటా పుస్తకంగా అచ్చవుతూనే ఉంది. అయితే అది ఊరందరికీ ఒకే వాక్యం, ధ్యానించుకోవడానికి.

ఇక మీ కార్డు. యెషయా 41లో పైన 17వ వచనం ఉంది, దీనులూ దరిద్రులూ నీళ్లు వెదుకుతున్నారు, దప్పికతో నాలుక ఎండిపోతోంది అని. నలిగిపోయిన ఇశ్రాయేలుకు దేవుడు నేను మిమ్మల్ని విడిచిపెట్టను అని ధైర్యం చెబుతున్నాడు. ఆ మాట మీకూ చెందుతుంది, గట్టిగా పట్టుకోండి. కానీ అందులో సర్వే నంబరు లేదు.

ఇంకోటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట మా మందిరం ప్రహరీ విషయంలో "దేవుడు నాతో చెప్పాడు" అని కమిటీలో అన్నాను. వెంటనే అందరూ నోరు మూసుకున్నారు. దేవుడు చెప్పాక ఇక మాట్లాడేదేముంది? గోడ కట్టాం, తప్పు హద్దు మీద కట్టాం. కూలగొట్టేటప్పుడు కూలి డబ్బులు నా పెన్షన్ నుంచే ఇచ్చాను. అప్పటి నుంచి "నాకు ఇట్లా తోస్తోంది, మీరేమంటారు" అని అడుగుతున్నాను. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము సంఘం రాసిన ఉత్తరంలోనూ "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అనే ఉంది. ఆ తోచడానికి ముందు ఎంత వాదన జరిగిందో కూడా అక్కడే రాసి ఉంది.

అగ్నిస్తంభం (మిర్యాలగూడ)
#6
సార్, గౌరవంతోనే అడుగుతున్నా. అన్నీ లెక్కలూ సలహాలే అయితే ప్రార్థన ఎందుకు? లోకస్థులు కూడా లెక్కలు వేస్తారు. నీ స్వబుద్ధిని ఆధారం చేసుకోవద్దని సామెతలు 3:5లో లేదా?

బత్తాయితోట
#7
నేను ఆయన భార్యను. ఆయన ఫోన్లోంచే రాస్తున్నాను, ఆయనకు చెప్పే రాస్తున్నాను. జడ్చర్ల అక్క అడిగింది కాబట్టి.

బంగారం నాదే. మూడు తులాలు, అమ్మ పెట్టింది. అందులో తులమున్నర మూడో బోరప్పుడే పోయింది. అది దుమ్ము లేపిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. లారీ వెళ్లిపోయాక ఆయన ఆ తెల్ల దుమ్ములోనే కూర్చున్నారు, తలమీద, కనుబొమ్మల మీద అంతా పిండి పోసినట్టు. నేను పిలిస్తే పలకలేదు. ఆ మనిషిని మళ్లీ అట్లా చూడలేను, అదీ నా భయం. డబ్బు తర్వాత.

ఇంకో మాట. ఆ రాత్రి నేనూ కార్డు తీశాను. ఎవరూ అడగలేదు. నాకు వచ్చింది యెషయా 30:15, "మీరు ఊరకుండి నమ్ముకొనుటవలన మీకు బలము కలుగును". ఒకే బుట్ట, ఒకే ఇల్లు. ఆయన కార్డు బోరు వేయమంటే నా కార్డు ఊరకుండమంటోంది. ఇప్పుడు ఏ కార్డు దేవుడిది?

జడ్చర్ల అక్క
#8
చెల్లెమ్మా 😂 ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి ఫొటో పెట్టు.

రాళ్లమనిషి (నాగర్‌కర్నూల్)
#9
వదినా, మీ మాట చదివి ఇప్పుడే రాయడానికి కూర్చున్నా. నేను భూగర్భ జలాల సర్వే పనిలో 11 ఏళ్లు తిరిగినవాడిని. ఆదివారం మందిరంలో తబలా వాయిస్తా.

మన నల్గొండ, పాలమూరు కింద ఎక్కువగా గట్టి గ్రానైటు రాయి. ఇసుకలో ఉన్నట్టు నీళ్లు అంతటా ఉండవు. పైన మెత్తబడిన మొరం పొరలో కొంత, దాని కింద రాతి పగుళ్లలో కొంత ఉంటాయి. పగులు తగిలితే నీళ్లు, లేకుంటే దుమ్ము. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు సన్నబడతాయి, తగ్గిపోతాయి. మీ మూడో బోరు కథ అదే. 320లో లేకుంటే 700లో ఉంటాయనేది రైతుల ఆశ, లారీవాళ్ల బేరం.

సర్వే అంటే భూమిలో నాలుగు ఇనుప కడ్డీలు దింపి కరెంటు పంపుతారు. నీళ్లున్న పొర కరెంటును సులువుగా పోనిస్తుంది, గట్టి రాయి అడ్డుపడుతుంది. కడ్డీల దూరం పెంచుకుంటూ పోతే లోతు పొరలు తెలుస్తాయి. ఇదీ నూటికి నూరు కాదు, నా పాయింట్లు కూడా ఫెయిలయ్యాయి. కానీ ఎక్కడ వేయకూడదో బాగా చెబుతుంది. ఆ ఒక్కటి తెలిసినా తులాలు మిగులుతాయి.

కొబ్బరికాయ గురించి. చెరువు దిగువన, వాగు పక్కన మొరం పొర మందంగా ఉన్నచోట ఎవరు కాలుతో గీత గీసినా కొన్ని నీళ్లు పడతాయి. పడినప్పుడు కాయకు పేరొస్తుంది, పడనప్పుడు రైతు కర్మ అంటారు. పాపమా కాదా అయ్యగార్లను అడగండి, డబ్బు దండగ అని మాత్రం నేను చెప్పగలను. ఇంకోటి, కొత్త బోరుకు 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం అనుమతి తీసుకోవాలి. లారీ ఆయన "అవన్నీ నేను చూసుకుంటా" అంటాడు. చూసుకోడు.

పాత బెంచీ
#10
#6కు జవాబు. తమ్ముడూ, మంచి ప్రశ్న, దాటేయను.

నెహెమ్యా కథ చూడు. యెరూషలేము గోడ కూలి ఉందని కిస్లేవు నెలలో విన్నాడు. తాను కొలువు చేసే పారసీక రాజు ముందు నోరు విప్పింది నీసాను నెలలో. మధ్యలో దాదాపు నాలుగు నెలలు. ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు, ప్రార్థన చేశాడు. రాజు "నీకేం కావాలి" అన్నప్పుడు, జవాబు చెప్పే ఆ క్షణంలో కూడా పరలోకపు దేవునికి ప్రార్థన చేశాడని ఉంది. ఆ వెంటనే ఏమడిగాడు? అధికారులకు ఉత్తరాలు, అడవి కాపలాదారు ఆసాపుకు మ్రానుల కోసం చీటీ, ఎన్నాళ్లు పడుతుందో గడువు. ఆ లిస్టు అప్పటికప్పుడు పుట్టింది కాదు. మోకాళ్ల మీద ఉన్న నాలుగు నెలల్లోనే తయారయి ఉంటుందని నా నమ్మకం.

స్వబుద్ధిని ఆధారం చేసుకోవద్దు అంటే బుద్ధిని వాడొద్దని కాదు. అదే సామెతల గ్రంథం 15:22లో ఆలోచన చెప్పేవాళ్లు లేకపోతే ఉద్దేశాలు వ్యర్థమవుతాయని అంటుంది. యాకోబు 1:5లో కూడా జ్ఞానం కొదువైతే దేవుణ్ణి అడగమన్నాడు. గుర్తు అడగమనలేదు. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే.

పౌలును చూసినా అంతే. ఆసియలో (అప్పటి రోమా రాష్ట్రం) బోధించబోతే ఆటంకం, బితూనియ వైపు పోతే యేసు ఆత్మ పోనీయలేదు. ఆయన ఇంట్లో కూర్చుని స్వరం కోసం ఎదురుచూడలేదు, నడుస్తూ అడ్డుతగిలినప్పుడు తిరిగాడు. త్రోయలో దర్శనం వచ్చాక కూడా ఆయనతో ఉన్న లూకా "మేము నిశ్చయించుకొని" అని రాశాడు. దర్శనం ఒకరికి, నిశ్చయం అందరిదీ.

గడియారం సెంటర్ (నల్గొండ)
#11
నేను కథోలికురాలిని, ఇక్కడ రాయొచ్చా అని సందేహిస్తూనే రాస్తున్నా. పునీత లొయోలా ఇగ్నేషియస్ చెప్పిన రెండు సంగతులు నాకు ఉద్యోగం మారేటప్పుడు పనికొచ్చాయి. ఆయన మొదట స్పెయిన్ సైనికుడు. 1521లో పాంప్లోనా యుద్ధంలో గుండు తగిలి కాలు విరిగి మంచం పట్టాడు. ఏ ఆలోచన తర్వాత మనసు ఎండిపోతోంది, ఏ ఆలోచన తర్వాత నెమ్మది నిలుస్తోంది అని ఆ మంచం మీదే గమనించడం మొదలుపెట్టాడు.

ఒకటి, మనసు చీకటిగా, గాబరాగా ఉన్నప్పుడు పాత నిర్ణయాన్ని మార్చవద్దు, కొత్తది తీసుకోవద్దు. పిందె రాలుతోంది, మిత్తి పెరుగుతోంది, లారీ వారంలో వస్తోంది. ఆ టెన్షన్లో వినబడే ప్రతి చప్పుడూ దేవుని స్వరంలాగే ఉంటుంది. రెండు, ముక్కూమొహం తెలియని మనిషి సరిగ్గా నీ పరిస్థితిలోనే వచ్చి సలహా అడిగితే ఏం చెబుతావో ఆలోచించు, అదే నువ్వూ చెయ్యి అంటాడు.

బత్తాయి అన్నా, కనగల్ నుంచి కాదు, దేవరకొండ నుంచి ఇంకో రైతు ఇదే పోస్టు పెట్టి ఉంటే మీరేం రాసేవారు?

బత్తాయితోట
#12
(ఆయనే) అక్కా, ఆ ప్రశ్నకు నిన్న రాత్రంతా నిద్ర పట్టలేదు. "వేయకు తమ్మీ" అనే రాసేవాడిని.

లారీకి అడ్వాన్సు ఇవ్వలేదు. రాళ్లమనిషి అన్నకు మెసేజ్ పెట్టాను, సర్వే చేసేవాళ్ల నంబరు ఇచ్చాడు. అయినా నిజం చెప్పాలంటే ఒక మూల ఇంకా ఆ కార్డే లాగుతోంది. నాన్న పెట్టిన చెట్లు, నా చేతుల్లో ఎండిపోయాయి అనే మాట పడకూడదని కూడా ఉంది.

జడ్చర్ల అక్క
#13
ఇప్పుడు అసలు మాట వచ్చింది. మూడు నెలలుగా దేవుణ్ణి "బోరు వేయనా వద్దా" అని అడుగుతున్నావు కదా. "నాన్న చెట్లు పోతే నేనేమైపోతాను" అని ఒక్కసారైనా అడిగావా? మా ఆయన వలసలో బొంబాయి పోతానన్నప్పుడు నేనూ గుర్తులే అడిగాను. బల్లి అరిచినా గుర్తే అనిపించేది. చివరికి ఏడుస్తూ "నాకు భయంగా ఉంది ప్రభువా" అన్నాను. ఆ రోజు నుంచే ప్రార్థన ప్రార్థనలా అయింది. ఆయన పోయాడు, రెండేళ్లకు వచ్చాడు, అది వేరే కథ.

అగ్నిస్తంభం (మిర్యాలగూడ)
#14
అన్నా, వదినా, నేను తొందరపడి రాశాను, క్షమించండి. మామ సంగతి కూడా పూర్తిగా రాయలేదు. మూడు లారీల్లో రెండు ఫైనాన్సువాళ్లు తీసుకుపోయారు. మీ కోసం ప్రార్థన చేస్తున్నా, ఈసారి ఇది జరగాలి అని చెప్పకుండా.

బత్తాయితోట
#15 (18 రోజుల తర్వాత)
ఏమైందో చెప్పకుండా పోయాడనుకుంటారని రాస్తున్నా.

సర్వే చేయించాం. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదకొండు దాకా వైర్లు లాగారు. తోటలో ఎక్కడా ఆశ లేదన్నారు. ఒక్క ఉత్తరం గట్టు మూల మాత్రం రీడింగు బాగుంది. నా గుండె ఎంత కొట్టుకుందో చెప్పలేను. కార్డు జేబులో ఉంది మరి.

ఆ మూలకు పాతిక గజాల్లో పక్క చేను బాబాయి బోరు ఉంది. సర్వే ఆయన్ని అడిగాను, ఇక్కడ వేస్తే అక్కడ తగ్గుతుందా అని. ఒకే పగులు మీద ఉన్నట్టున్నాయి, తగ్గొచ్చు, మీరు లోతుగా వేస్తే మొత్తం మీ వైపే రావచ్చు అన్నాడు. బాబాయికి ఎకరంన్నర కూరగాయలు, రెండు బర్రెలు. మన మందిరం మనిషి కాదు. పోయిన ఎండాకాలం మా చెట్లకు పదిహేను రోజులు పైపు వేసి నీళ్లిచ్చింది ఆయనే. పైసా తీసుకోలేదు.

అక్కడే గట్టు మీద కూర్చున్నాం ఇద్దరం. మా ఆవిడ ఏం మాట్లాడలేదు. నేనూ ప్రార్థన చేయలేదు, నిజంగా చేయలేదు. దీనికి ఉపవాసం ఉండి తెలుసుకునేదేముంది? పొరుగువాడి సంగతి ఎప్పుడో రాసిపెట్టే ఉంది కదా. సర్వే ఆయనకు డబ్బులిచ్చి పంపేశాను.

ఇప్పుడు చేసేది ఇది. మూడెకరాల్లో ఎక్కువ కాపు ఉన్న ఎకరం చెట్లకు మాత్రమే రెండో బోరు నీళ్లు డ్రిప్పుతో ఇస్తున్నాం. మిగతా చెట్లు ఈ కాపు వరకు చూసి తీసేస్తాం. ఆ చోట వానలకు కంది వేస్తాం. దిగువ మూలలో పంట కుంట తవ్విస్తున్నాం, రెండో బోరు చుట్టూ ఇంకుడు గుంత. తీసేయబోయే చెట్ల వైపు ఇంకా పోలేకపోతున్నాను, ఆ వరసలకు నీళ్లు బంద్ చేసింది మా ఆవిడే.

గడియారం సెంటర్ (నల్గొండ)
#16
అన్నా, ఆ కార్డు పారేశారా?

బత్తాయితోట
#17
లేదక్కా. బైబిల్లో యెషయా 41 దగ్గర పెట్టాను. ఆమెది 30 దగ్గర ఉంది. మధ్యలో పది అధ్యాయాలే. ఇద్దరం రోజుకొకటి చదువుతున్నాం, నిన్న 36 అయింది.

రాళ్లమనిషి (నాగర్‌కర్నూల్)
#18
కుంట తవ్వే జేసీబీ ఆయనకు ముందే చెప్పన్నా, మట్టి అంతా దిగువ గట్టు మీదే పోయమని. ఎగువన పోస్తే మొదటి వానకే కొట్టుకొచ్చి కుంట పూడుతుంది. ఇంకుడు గుంతలో ముందు పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక. తిరగేసి పోస్తారు, దగ్గరుండి చూసుకో.